కోడిగుడ్డులా సాగిన నీళ్ల ట్యాంకు

మా కొండ మీద నీళ్ల ట్యాంకు గుండ్రంగా ఉంటుంది. మూడేళ్ల కిందట ఇప్పపూలు రాలే కాలంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు, కాలిబాట మలుపులో కొత్తగా నిలబెట్టిన బోర్డు మీద అది కోడిగుడ్డులా కనిపించింది. స్కూటీ ఆపాను. దాని పక్కనే నేను గీసిన సైరన్ గుర్తు, ఒక ఎర్రటి వృత్తం, గుండ్రంగానే ఉంది. ఒకే బోర్డు మీద రెండు గుండ్రాల్లో ఒకటి సాగింది, ఇంకొకటి సాగలేదు. దారిన పోయేవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు. నేను మాత్రం దిగి దగ్గరికి వెళ్లాను. అది పేలుడు హద్దు చూపించే బోర్డు. పేలుడు రెండు గంటలకు. ఆ వేళకు నా ఇద్దరు పిల్లలు ఎక్కడుంటారో అప్పుడే నాకు గుర్తొచ్చింది.

ఛత్తీస్‌గఢ్‌లో, జగదల్‌పూర్ నుంచి మూడు గంటల బస్సు దూరంలో ఉన్న ఒక ఇనుపరాతి గనిలో, సర్వే సెక్షన్ కింద, కాంట్రాక్టు మీద డ్రాఫ్టింగ్ అసిస్టెంటుగా ఏడేళ్లు పనిచేశాను. మాది కొత్తగూడెం. డిగ్రీ అయ్యాక పెళ్లి చేసుకుని, స్క్రీనింగ్ ప్లాంటులో ఫిట్టరుగా ఉన్న మా ఆయన వెంట ఇక్కడికి వచ్చాను. ముప్పై నాలుగేళ్లకే రిటైరయ్యానంటే మా అక్క నవ్వుతుంది. కానీ మళ్లీ ఆ కుర్చీలో కూర్చునే ఉద్దేశం నాకు లేదు కాబట్టి వేరే మాట దొరకలేదు. పిల్లలు పడుకున్నాక నాలుగైదు రాత్రులుగా ఇది రాస్తున్నాను. గని పని అంటే డంపర్లూ డ్రిల్లులూ అనుకునేవాళ్లకు, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి చేతిలోంచి కూడా ప్రమాదం ఎలా పుడుతుందో తెలియాలి.

మా సెక్షన్‌లో సర్వేయర్ పెద్ద. ఆయన కొలతలు తెస్తే మేం గీసేవాళ్లం. గని అంచులు, రోడ్లు, వాగు, పేలుడు హద్దు, అన్నీ వెక్టర్ గీతలు. వెక్టర్ అంటే బొమ్మ కాదు, కొలత. ఈ బిందువు నుంచి ఆ బిందువు దాకా ఇంత మందంలో గీత అని కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది. దర్జీ దగ్గర కొలతలున్నంతకాలం అదే చొక్కా చిన్నవాడికీ పెద్దవాడికీ కుట్టినట్టు, ఆ గీతను అగ్గిపెట్టె మీదికి ఎక్కించినా గోడ మీదికి ఎక్కించినా అంచు చెదరదు. ఫొటో సంగతి వేరు. దాన్ని రాస్టర్ అంటారు. ఇక్కడి సంతలో అమ్మే పూసల పట్టీలాంటిది అది. ఒక్కో గడికి ఒక్కో రంగు, అంతే. చెట్టు ఎక్కడ మొదలైందో, బండ ఎక్కడ ఆగిందో దానికి తెలియదు. పెద్దది చేస్తే గడులు పెద్దవవుతాయి. పక్కకు లాగితే గడులు పక్కకు సాగుతాయి. ఎంత లాగినా కాదనదు.

పేలుడు హద్దు అంటే, కొండలో మందుగుండు పేల్చినప్పుడు రాళ్లు ఎగిరొచ్చి పడే అవకాశం ఉన్న మేర. దాని చుట్టూ ఎర్రగీత. పేలుడు వేళకు గీత లోపల మనిషి గానీ పశువు గానీ ఉండకూడదు. ఊళ్ల నుంచి వచ్చే నాలుగు కాలిబాటల్లో నాలుగు బోర్డులు ఉండేవి. పాతవి ఉత్త గీతల బోర్డులు. గీతల్లో లోపమేమీ లేదు, కానీ వాటిని చదవగలిగినవాళ్లకు వాటి అవసరం లేదు, అవసరం ఉన్నవాళ్లకు అవి అర్థం కావు.

ఆ మాట నాకు చెప్పింది సోమక్క. మా ఇంట్లో పనికీ, నా పిల్లలను చూడడానికీ వచ్చేది. ఎర్రబోరు అనే ఊళ్లో పుట్టి, మా గని పక్క ఊరికి కోడలై వచ్చిన దోర్ల తెగ మనిషి. ఇంట్లో దోర్లీ, సంతలో హల్బీ, మాతో తెలుగు. బోర్డులో ఏముందో అర్థమవుతోందా అని ఒకసారి అడిగితే పకపకా నవ్వింది.

"గీతలు జూస్తె నాకేం ఎరుకైతది అమ్మా? నా చెట్టేదో జూపియ్యి. అప్పుడు జెప్త నేనెక్కడున్ననో."

ఇక్కడ ఇప్పచెట్లు ఏ ఇంటివి ఆ ఇంటివే. ఎవరి చెట్టు కింద వాళ్లు ఆకులు ఊడ్చి, తెల్లవారుజామున రాలిన పూలు ఏరి, దగ్గర్లోని బండ మీద ఎండబోసి, పశువులు తినిపోకుండా పొద్దుగూకే దాకా కాపలా ఉంటారు. చెట్టు గుర్తుపడితే చోటు గుర్తుపట్టినట్టే. సర్వే వాళ్లు డ్రోనుతో పైనుంచి తీసిన ఫొటో నా దగ్గర ఉంది. దాన్ని కింద పరిచి, దాని మీద నా ఎర్రగీత వేస్తే ఎవరి చెట్టు వాళ్లకు కనబడుతుంది కదా అనిపించింది. సర్వేయర్‌కు చెప్పాను, ఆయన మేనేజర్‌కు చెప్పారు, ఆమోదం వచ్చింది. ఏడేళ్లలో నా సొంత ఆలోచన అంటూ గనిలో నడిచింది అదొక్కటే. గర్వపడ్డాను కూడా.

ఆఫీసు ప్రింటర్ మీద ఒక నమూనా తీసి ఇంటికి తెచ్చి వసారాలో పరిచాను. సోమక్క దాని పక్కన గొంతుక్కూర్చుని, చాలాసేపు వేలు గాల్లో తిప్పి, చివరికి ఒకచోట ఆనించింది. "ఇగో నా చెట్టు. ఇగో మా బండ." నా పెద్దకూతురు యామినికి అప్పుడు తొమ్మిదేళ్లు, చిన్నది లహరికి ఆరు. వాళ్లిద్దరూ కూడా వంగి చూసి, చెట్లన్నీ గడులు గడులుగా ఉన్నాయని, బొంత లాగా ఉందని అన్నారు. సోమక్కకు బొంత ముచ్చట పట్టలేదు. ఆమె చూపు ఎర్రగీత మీదే ఉంది. చెట్టు గీత బయట ఉంది. బండ మాత్రం రెండు వేళ్ల మందాన లోపల ఉంది. కొన్నేళ్లుగా ఆ బండ మీద పూలు పోయనివ్వడం లేదు. ఊళ్లో ఆడవాళ్లందరూ పూలు మోసుకొచ్చి కాలనీ వెనక మైదానంలో ఎండబోసుకోవాలి. అక్కడ దుమ్ము, పందులు.

"నువ్వే గదా అమ్మా గీసేది," అంది నావైపు చూడకుండా. "ఆ గీతను జెర ఇటు జరుపరాదు? రెండు వేళ్లే గదా."

నేను నవ్వాను. నవ్వి, చూద్దాంలే అన్నాను. కూర బాగుంటుందా అంటే చూద్దాంలే అన్నట్టు అన్నాను. ఆ గీత నాది కాదని, అది ఒక లెక్క అని, దాన్ని జరిపే హక్కు నాకు గానీ మేనేజర్‌కు గానీ లేదని చెప్పి ఉండాల్సింది. ఆమె సరదాకి అడిగిందనుకున్నాను.

బోర్డు వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. నా డిజైనులో ఎడమవైపు నాలుగడుగుల చదరంలో ఫొటో, దాని మీద ఎర్రగీత. కుడివైపు మిగిలిన రెండడుగుల్లో తెల్లటి నేల మీద హిందీ, గోండీ, తెలుగులో హెచ్చరిక. ముద్రణ జగదల్‌పూర్‌లో ఒక ఫ్లెక్స్ దుకాణంలో. అన్నీ కలిపిన ఫైలు బరువు ఎక్కువై తన మిషన్ ఆగిపోతోందని దుకాణం అతను ఫోన్ చేశాడు. ఫొటో ఒకటి, గీతలూ అక్షరాలూ ఇంకొకటి, విడివిడిగా పంపితే గీతలు ఇంకా నీటుగా వస్తాయన్నాడు. అది నిజమే. అందుకే ఒప్పుకున్నాను. మా దగ్గర నెట్‌వర్క్ మీద అంత పెద్ద ఫొటో పోదు. మా ఆఫీసులో ఎప్పుడూ చేసినట్టే పెన్‌డ్రైవ్‌ను కాగితంలో చుట్టి, రబ్బరుబ్యాండ్ వేసి, పొద్దున బస్సు కండక్టర్‌కు ఇచ్చాను. ఫొటో ఎడమ నాలుగడుగుల్లోనే ఉండాలని హిందీలో ఆ కాగితం మీదే రాశాను. బొమ్మ మీద రాయలేదు. ముద్రించే ముందు నాకొక నమూనా పంపమని అడగలేదు. పూలు రాలడం మొదలైంది, బోర్డులు వెంటనే నిలబెట్టాలని పైనుంచి ఒత్తిడి. చుట్టలు చుట్టిన నాలుగు ఫ్లెక్సులు శనివారం బస్సులో తిరిగొచ్చాయి. నేను విప్పి చూడలేదు. ఆదివారం మనుషులు వెళ్లి నిలబెట్టారు.

మంగళవారం పొద్దున, లహరికి జడ వేస్తుంటే సోమక్క గుమ్మంలోంచి ఏదో అంది. ఇయ్యాల మా బండ మీదనే పూలు బోస్తున్న, బడి ఇడిచినంక పిల్లల్ని గూడ ఆడికే తీస్కపోత అంది. ఒంటిపూట బడి రోజులు. నా నోట్లో రిబ్బను ఉంది. ఊఁ అన్నాను. ఆ మాట అప్పుడు నా చెవిలో పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు. మధ్యాహ్నం బోర్డు ముందు నిలబడ్డాకే ఎక్కింది.

దుకాణం అతను ఏం చేశాడో ఆ కోడిగుడ్డు చూడగానే నాకు తెలిసిపోయింది. పెళ్లి ఫ్లెక్సులకూ పుట్టినరోజు ఫ్లెక్సులకూ అలవాటుపడ్డ చెయ్యి అది. ఒక మూల తెల్లగా వదిలితే అతనికి నచ్చదు. నాలుగడుగుల ఫొటోను ఆరడుగులకు లాగి, బోర్డు నిండా పరిచాడు. గీతల ఫైలును తన కొలతలో తాను ఉండనిచ్చాడు. అవి వెక్టర్ గీతలు, తమ చోట తాము ఉన్నాయి. కింద నేల మాత్రం పక్కకు సాగిపోయింది. చెట్లు, వాగు, బండలు, ట్యాంకు, అన్నీ కుడివైపుకు జరిగాయి. సోమక్క బండ అడుగున్నర దాటి వెళ్లి, గీత బయట, హెచ్చరిక అక్షరాల కింద పడింది.

ఫోను చూశాను. ఆ మలుపులో సిగ్నల్ ఉండదు. బండ దగ్గరికి కాలినడకన ఇరవై నిమిషాలు. దారి ఎక్కుడు, స్కూటీ పోదు. చెప్పులు విడిచి పరిగెత్తడం మొదలుపెట్టాను. వంద అడుగులు పోయుంటాను, ఆగాను. నేను చేరేసరికి ఒంటిగంటా నలభై దాటుతుంది. నా ఇద్దరినీ చెరో చంకన పెట్టుకుని దిగగలనేమో. సోమక్క, ఆమెతో ఇంకెవరైనా ఉంటే వాళ్లు, నా మాట విని పూలు వదిలి లేస్తారా? సగం దారిలో కాలు మెలిక పడితే? నేను ఆ కొండ మీద ఉన్నానన్న సంగతి కింద ఎవరికీ తెలియదు. పేలుడు ఆపగలిగేది ఒక్క వాకీటాకీ రేడియోనే. రేడియో ఉండేది కాపలా మనిషి దగ్గర. అతను ఈ బోర్డు దగ్గరికే వచ్చి నిలబడాలి, మొదటి సైరన్ వేళకు.

ఇక్కడ పద్ధతి చెప్పాలి. ఒంటిగంటన్నరకు మొదటి సైరన్. నాలుగు బాటల మీదికి నలుగురు కాపలావాళ్లు ఎర్రజెండాలతో వస్తారు, గీత లోపలి మనుషులను పంపించేస్తారు. తర్వాత ఒక్కొక్కరూ రేడియోలో "రాస్తా క్లియర్" అని చెప్పాలి. నాలుగూ అందాకే బ్లాస్టింగ్ ఫోర్‌మన్ రెండో సైరన్ ఇస్తాడు, పేలుస్తాడు. నలుగురిలో ఒక్కడు ఆ మాట అనకపోయినా పేల్చడానికి వీల్లేదు.

వెనక్కి వచ్చి బోర్డు పక్కన నిలబడ్డాను. పది నిమిషాలు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని ఆ నిలబడడమే. పిల్లలు పైన ఉన్నారు, తల్లి కింద బోర్డు పక్కన నిలబడి ఉంది. ఇప్పపూల తీపి వాసన గాలిలో వస్తోంది. ఎండ. ఎర్రవృత్తం, కోడిగుడ్డు. అతను ఈ రోజు ఆలస్యంగా వస్తే? వేరే బాటకు వేసి ఉంటే? జ్వరం వచ్చి రాకపోయి, పక్క బాట మనిషే రెండిటికీ కలిపి క్లియర్ చెప్పేస్తే? అలా జరగకూడదు, కానీ జరగదని చెప్పలేను. మొదటి సైరన్ మోగింది. కాళ్లు మళ్లీ కొండవైపు కదిలాయి. బోర్డు ఇనుప కాలు పట్టుకుని నిలబడ్డాను. ఎండకు కాలి ఉంది, అయినా వదల్లేదు.

వచ్చినతను అప్పలనాయుడు. విజయనగరం వైపు మనిషి, యాభై దాటినవాడు, నెమ్మది. నన్ను చూసి, మేడం ఇక్కడున్నారేటి, పేలుడు టయిం, ఎల్లిపోవాల అన్నాడు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. బోర్డు తప్పు, బండ లోపల ఉంది, బండ మీద మనుషులున్నారు, క్లియర్ చెప్పకు. అతను బోర్డు చూశాడు, నన్ను చూశాడు.

"బండ బయటే ఉంది కదండీ. కొత్త బోర్డులు సూసే నిలబడమని మాకు ఆర్డరు," అన్నాడు.

ఆర్డరు నిజమే. ఆ కాగితం టైపు చేసింది కూడా నేనే. అతనికి ఫైళ్ల సంగతి చెప్పి లాభం లేదు. బోర్డు మీద ట్యాంకు చూపించి, ఇది ఎలా ఉంది అని అడిగాను. గుడ్డులాగుంది అన్నాడు. కొండ మీది ట్యాంకు ఎలా ఉంటుంది అని అడిగాను. అతను తల ఎత్తి పైకి చూశాడు. కిందినుంచి చూస్తే దాని పక్కగోడే కనబడుతుంది, గుండ్రమో కాదో తెలియదు. కానీ అతను రెండేళ్లు దాని దగ్గర డ్యూటీ చేశాడు.

"రోజూ దాని సుట్టూ తిరిగినోణ్ణి మేడం. అది గుండ్రం."

ట్యాంకు ఎంత సాగిందో బండ అంత జరిగింది అన్నాను. ఆ మనుషుల్లో నా పిల్లలున్నారని అప్పటిదాకా చెప్పలేదు. చెబితే, పిల్లల తల్లి భయంతో మాట్లాడుతోందని అనుకుంటాడేమోనని. రేడియోలో మిగతా ముగ్గురూ వరసగా క్లియర్ చెబుతున్నారు. ఒకటి, రెండు, మూడు. తర్వాత ఫోర్‌మన్ గొంతు, నాలుగో నంబర్ బోలో, నాలుగో నంబర్ బోలో అని.

"ఎవురు సెప్పారని అడిగితే మీ పేరే సెప్తాను," అన్నాడు అప్పలనాయుడు.

చెప్పు అన్నాను. అతను మీట నొక్కి హిందీలో, రాస్తా క్లియర్ కాదు, బండ మీద మనుషులున్నారు అన్నాడు. అవతల తిట్టు వినబడింది. ఎంతమంది అని అడిగారు. అతను రేడియో నా నోటి దగ్గర పెట్టాడు. ఎంతమందో తెలియదు, ఇద్దరు పిల్లలు తప్పకుండా ఉన్నారు అన్నాను. ఎవరి పిల్లలు అన్నాడు ఫోర్‌మన్.

"నా పిల్లలు."

ఫోర్‌మన్ నాలుగు పోస్టులకూ హోల్డ్ చెప్పి, బోర్డులు వదిలేసి పాత గుర్తుల ప్రకారం మళ్లీ చూసుకు రమ్మన్నాడు. అది విన్నాకే పరిగెత్తాను. నా వెనక అప్పలనాయుడు జెండాతో వస్తున్నాడు, మెల్లగా మేడం, ఇక పేల్చరు మేడం అంటున్నాడు. ఆ మాట నా కాళ్లు నమ్మలేదు.

బండ మీద తొమ్మిదిమంది ఉన్నారు. యామిని నీడలో కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. లహరి పూల మీదికి వచ్చే మేకను తరుముతోంది. బండ నిండా పసుపుపచ్చగా పూలు. సైరన్ వినలేదా అని అరిచాను. విన్నామని, గీత బయటే ఉన్నామని యామిని చెప్పింది. తడబడకుండా చెప్పింది, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు. గీత లోపల, గీత బయట అని ఆ పిల్లకు వసారాలో నేర్పింది నేనే.

సోమక్క లేచి నిలబడింది. నా వాలకం చూసి ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"గీత జరిపినవ్ గదమ్మా," అంది. "బోర్డు మీద జూసిన. మా అమ్మ మా కోసం జరిపిందని ఊరందరికి జెప్పిన."

మిగతా ఆడవాళ్లు ఎవరూ మైదానానికి పోకుండా ఆ రోజు అక్కడికి ఎందుకు వచ్చారో అప్పుడు తెలిసింది. దుకాణం అతను ఫొటో సాగదీశాడు, అది ఒక తప్పు. ఆ తప్పును సోమక్క నా మాటతో కలుపుకుంది. నేను చూద్దాంలే అన్నాను, వారం తిరక్కుండా గీత జరిగింది. ఆమె నమ్మడంలో ఏ లోపమూ లేదు.

నేను జరపలేదని, జరపలేనని, బోర్డు తప్పని చెప్పాను. ఆమె మిగతావాళ్లవైపు తిరిగింది. దోర్లీలో ఏదో ఒక్క కేక వేసింది, అందరూ లేచారు. ఒక ముసలామె పూలు వదిలి రానని గొణిగింది, ఆమె చెయ్యి పట్టుకుని సోమక్కే దింపుకొచ్చింది. పూలు బండ మీదే ఉండిపోయాయి. దిగేటప్పుడు లహరి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే నొప్పి అని ఏడ్చింది. వదల్లేదు. మూడు గంటలు దాటాక, మేం ఇంట్లో ఉండగా, రెండో సైరన్, తర్వాత పేలుడు. కిటికీ రెక్కలు ఎప్పటిలాగే అదిరాయి.

ఆ తర్వాత జరిగింది కాగితాల పని. ఆ సాయంత్రమే నాలుగు బోర్డులూ పీకేశారు. నాకు మెమో వచ్చింది. సంజాయిషీలో ముద్రణా దోషం అని రాస్తే చాలని ఒక అధికారి మంచితనంతోనే సలహా ఇచ్చాడు. ఏమీ జరగలేదు కదమ్మా అన్నాడు. నేను మూడు పేజీలు రాశాను. ఫైళ్లు విడదీయడానికి ఒప్పుకోవడం, సూచన కాగితం మీద రాసి బొమ్మ మీద రాయకపోవడం, నమూనా అడగకపోవడం, విప్పి చూడకపోవడం, ఈ నాలుగూ నావని రాశాను. సోమక్కతో అన్న మాట అందులో రాయలేదు. దానికి మెమోలో చోటు లేదు.

కొత్త బోర్డులకు నేనే బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్లాను. ఈసారి గీతను ఫొటోలోకి కలిపేసి, మొత్తం ఒకే రాస్టర్ బొమ్మగా చేసి ఇచ్చాను. గీత అంచు కొంచెం మసకబారింది. మసకబారనీ అనుకున్నాను. సాగితే నేలతోపాటే సాగుతుంది, విడిపోదు. ఆ పైన, ట్యాంకు అంచు వెంబడే ఒక నల్ల వృత్తాన్ని మాత్రం విడిగా వెక్టర్ గీతగా గీసి, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే బోర్డు నిలబెట్టరాదని కింద హిందీలో రాశాను. మిషన్ లోంచి ఫ్లెక్స్ వస్తుంటే టేపు పెట్టి కొలిచాను. దుకాణం అతను నొచ్చుకున్నాడు. అతని అలవాటు అతనిది, పెళ్లి ఫ్లెక్సులో అది తప్పు కూడా కాదు. ఆ తర్వాత మూడు నెలలకు నా కాంట్రాక్టు గడువు తీరింది. పొడిగించమని నేను అడగలేదు, వాళ్లూ రమ్మనలేదు.

ఈ పని నాకు నేర్పింది ఇది. గీత దానంతట అది నిజం కాదు, అది ఏ నేల మీద ఉందో ఆ నేలతో కలిపి చూస్తేనే నిజం. రెండిటినీ వేరుచేసిన చోట నిలబడి చూసుకునే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి గీసినవాళ్లే అయి ఉండాలి. జరపలేనిదాన్ని జరపమని ఎవరైనా అడిగితే జరపలేనని అప్పుడే చెప్పాలి, నవ్వకూడదు.

ఆ పేలుడు జరిగిన మర్నాడు పొద్దున సోమక్క మామూలు వేళకే వచ్చింది. తెల్లవారుజామున బండ దగ్గరికి వెళ్లి, పూలన్నీ ఎత్తుకుని మైదానానికి చేర్చి వచ్చిందట. కొంగు విప్పి, వంటింటి గట్టు మీద ఒక రాయి పెట్టింది. పిడికిలి కంటే కొంచెం పెద్దది. ఒకవైపు ఎర్రమట్టి రంగు, ఇంకోవైపు అప్పుడే పగిలినట్టు నీలంగా మెరుస్తోంది. అంచు చేతికి గుచ్చుకుంది. పూల మధ్యలో దొరికిందంది. పాతదేమో, ఎప్పటిదో అన్నాను. అది అలా కావాలని నాకు ఎంతగానో అనిపించింది.

"నిన్న పూలు పోసే ముందల నేనే ఊడ్సిన బండ," అంది సోమక్క. "చిన్న రాయి గూడ ఉంచలే. నీ చిన్నదాని కాళ్లకు గుచ్చుకుంటదని."

ఎక్కడ దొరికింది అని అడగబోయి మానేశాను. ఆమే చెప్పింది. యామిని పుస్తకాలు పెట్టుకున్న నీడ దగ్గర.

పిల్లలు యూనిఫారాలు వేసుకుని టిఫినుకు కూర్చున్నారు. రాయిని పప్పు డబ్బా వెనక పెట్టేసి వాళ్ల ఎదురుగా కూర్చున్నాను. రాయి సంగతి చెప్పలేదు. ఇంటి బయట ఉన్నప్పుడు సైరన్ వినిపిస్తే గీత లోపల ఉన్నట్టే లెక్క అని చెప్పాను. బోర్డు ఏం చూపించినా, పెద్దవాళ్లు ఎవరు ఏం చెప్పినా, పుస్తకాలున్నా పూలున్నా అక్కడే వదిలేసి ఇంటివైపు రావాలి. సోమక్క ఆగినా ఆగకూడదు. ఇద్దరిచేతా తిరిగి చెప్పించుకున్నాను. లహరి గడగడా చెప్పేసింది. యామిని చెప్పలేదు. ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని నావైపు చూస్తోంది.

"నువ్వు గీసిన బోర్డయినా?" అంది.

"నేను గీసిన బోర్డయినా," అన్నాను.